నిమ్మకాయ పగలని బండి

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక సర్వనాశనం కథ. ప్రాణనష్టం లేదు, కంగారు పడకండి. ఒక టైరు పోయింది, ఒక చొక్కా పోయింది, ఇరవై ఏడేళ్ళ వయసులో నా మీద నాకున్న గొప్ప అభిప్రాయం పోయింది. టైరూ చొక్కా మళ్ళీ కొనుక్కున్నాను.

అమీర్‌పేటలో మా బాపుది టైలర్ షాపు. కింద షాపు, మీద ఇల్లు, చుట్టూ కోచింగ్ సెంటర్లూ హాస్టళ్ళూ. మా తాతల కాలంలో సిరిసిల్లలో మగ్గం నేసినవాళ్ళం, బాపు వచ్చి ఇక్కడ కత్తెర పట్టాడు. పెళ్ళికొడుకుల షేర్వానీలు కుట్టడంలో ఆయనకు పేరుంది. షాపులో ఆయన నియమం ఒకటే. కుట్టిన ప్రతి బట్టా తెల్లటి నూలుగుడ్డలో మూట కట్టాలి, దాని మీద పేరు రాసిన చీటీ గుచ్చాలి, చీటీ చదవకుండా ఎవరూ మూట ముట్టుకోకూడదు. ఈ అలవాటు మెట్లెక్కి ఇంట్లోకి కూడా వచ్చేసింది. మా అమ్మకు ఏ వస్తువైనా ఊరికే పడి ఉన్నట్టు కనిపిస్తే చాలు, తెల్లగుడ్డలో చుట్టి చీటీ గుచ్చేస్తుంది. ఒకసారి అల్మారాలో పసిపిల్లంత మూట దొరికితే విప్పి చూశాను. లోపల మిక్సీ జారు. చీటీ మీద "మూత లేదు" అని ఉంది. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఆ రోజు నేను గుర్తు పెట్టుకోలేదు.

అప్పట్లో నేను పంజాగుట్టలో ఒక కంపెనీలో టెస్టింగ్ చేసేవాణ్ణి. అంటే పక్కవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పెట్టడం నా ఉద్యోగం. నా తప్పులు వెతకడానికి మాత్రం ఎవరూ లేకపోయారు. ఖాళీ దొరికినప్పుడల్లా ఫోన్‌లో సైకిల్ వీడియోలు చూసి, చూసి, చివరికి ఒక ఫ్యాట్ బైక్ కొన్నాను. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, అది మోటారు బండి కాదు, తొక్కే సైకిలే. కాకపోతే టైర్లు నా తొడంత లావుంటాయి. మంచులో, ఇసుకలో దిగబడకుండా పోవడానికి అలా చేశారట. అమీర్‌పేటలో మంచెక్కడుందని మీరు అడగొచ్చు. బాపు కూడా అదే అడిగాడు.

బండితో ఆగినా బాగుండేది. ఫ్యాట్ బైక్ తొక్కేవాడి దగ్గర తప్పనిసరిగా ఉండాల్సిన సామాను గురించి ఒకాయన చెప్పిన వీడియో చూశాను. ఆయన గడ్డం నిండా మంచు పేరుకుని ఉంది. అంత మంచులో నిలబడి చెబుతున్నాడంటే నిజమే చెబుతుంటాడని, ఆయన చెప్పినవన్నీ తెప్పించాను. పార్సిళ్ళు వారం రోజులు వస్తూనే ఉన్నాయి. అమ్మ ఒక్కొక్కటే విప్పుతూ కూర్చుంది.

"గీ బొంతలేంది కొడుకా?"

"బొంతలు కావమ్మా. హ్యాండిల్‌కు తొడుగుతరు. లోపల చేతులు పెట్టుకుంటే మంచుల సుత చలి పెట్టది."

అమ్మ కిటికీ లోంచి బయటి ఎండను చూసింది. మే నెల. ఆ నల్లటి లావు తొడుగుల్లో చేయి పెట్టి, తీసి, "కుక్కర్ దించనీకి మస్తుంటయి" అంది.

"కుక్కర్‌కు కాదమ్మా."

"గీ గంటేంది మరి?"

"అడవిల పోతుంటే ఎలుగుబంట్లు చప్పుడు విని పక్కకు జరుగుతయి. గందుకోసం."

"అమీర్‌పేట్ల ఎలుగుబంట్లు యాడున్నయిరా?"

గంట తీసుకెళ్ళి బండి వెనక సంచికి కట్టేశాను. ఇంకా చాలా వచ్చాయి. నీళ్ళు చొరబడని వెనక సంచి, హ్యాండిల్ మీద ఫోన్ బిగించే క్లిప్పు, మోకాళ్ళకు కవచాలు, పంక్చరైతే దానంతటదే పూడ్చేసే తెల్లటి జిగురు మందు. ఆ మందును టైర్లలో పోయించాను. అన్నిటికంటే గొప్పది గాలి కొలిచే మీటరు. మామూలు సైకిలుకు టైరు రాయిలా ఉండాలి గానీ ఫ్యాట్ బైక్‌కు గాలి తక్కువే ఉండాలి. బొటనవేలితో నొక్కితే గుంట పడాలి. మామూలు మీటర్లకు అంత తక్కువ గాలి తెలియదు కాబట్టి దీనికి వేరే మీటరు. నేను పొద్దున్నా సాయంత్రం ఆ టైర్లకు బీపీ చూసేవాణ్ణి.

ఇక ఆ శనివారం. యాదగిరి సార్ అని బాపుకు ఒక గిరాకీ. సర్కారు నౌకరీ చేసి రిటైరై ఎర్రమంజిల్‌లో ఉంటున్నాడు. ముప్పై ఏళ్ళ కిందట బాపు షాపు తెరిచిన వారంలో, ఎవరూ లోపలికి కూడా రాని రోజుల్లో, తన పెళ్ళి సూటు కుట్టమని నమ్మి బట్ట ఇచ్చిన మనిషి. ఇప్పుడు ఆయన కొడుకు పెళ్ళి, అక్కడే ఎర్రమంజిల్ ఫంక్షన్ హాల్లో. షేర్వానీ పది రోజుల ముందే కుట్టి ఇచ్చాం. కానీ పెళ్ళికొడుకు ఆ పది రోజులూ దావత్‌లు తిని రెండు వేళ్ళ పొట్ట పెంచాడు. ముందు రోజు సాయంత్రం షేర్వానీ వెనక్కి వచ్చింది. బాపు పక్క కుట్లు విప్పి, వదులు చేసి, పొద్దున తొమ్మిదికల్లా ఇస్త్రీ ముగించాడు. ముహూర్తం పదకొండూ నలభైకి.

"శీనూ, మెట్రోల పో" అన్నాడు బాపు. "నడుమ పంజాగుట్ట, తర్వాత ఎర్రమంజిల్. రెండే స్టేషన్లు."

"మెట్రో ఎందుకు బాపూ? నా బండికి గింత పెద్ద సంచి ఉన్నది. సిగ్నల్ కాడ అందరు ఆగుతరు, నేను సందుల్లకెళ్ళి పోత."

"మడతలు పడ్తయిరా."

"పడయి. నువ్వు ఫికర్ చెయ్యకు."

బాపు మెడలోని టేపు తీసి పక్కన పెట్టాడు. "యాదగిరి సారు నా మొదటి గిరాకి. పిలగాడు బనీను మీద కూసున్నడంట. యాది పెట్టుకో" అన్నాడు.

యాది పెట్టుకున్నాను. అప్పుడే వెళ్ళిపోయి ఉంటే పదింటికి అక్కడుండేవాణ్ణి. కానీ అమ్మ అడ్డం వచ్చింది. కొత్త బండికి పూజ కాలేదు, పూజ లేని బండి మీద పెళ్ళిబట్ట ఎలా పోతుందని. ఆమె మాట తీసేసే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. షేర్వానీ మూటను మా ఇంటి ఆచారం ప్రకారం కుట్టు మిషన్ ముందు పెట్టి బొట్టు పెట్టింది. తర్వాత హ్యాండిల్‌కు పసుపు రాయడానికి అడ్డంగా ఉన్నాయని నా మంచు తొడుగులు ఊడదీసి లోపలికి తీసుకుపోయింది. పసుపు, కుంకుమ, పూలదండ, హారతి అన్నీ అయ్యాయి. చివరికి ముందు టైరు కింద ఒక నిమ్మకాయ, వెనక టైరు కింద ఒక నిమ్మకాయ పెట్టి, "ఎక్కియ్యి" అంది.

ఎక్కించాను. బండి మెత్తగా ముందుకు పోయింది. చప్పుడు రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే రెండు నిమ్మకాయలూ ఎలా పెట్టామో అలాగే ఉన్నాయి. ఒక్క గీత కూడా పడలేదు. బాపు స్కూటరు, మామయ్య ఆటో, పక్కింటి వాళ్ళ కారు, ఎన్ని బండ్ల కింద ఎన్ని నిమ్మకాయలు పగలడం చూశాను. పగలని నిమ్మకాయను పుట్టాక అదే చూడటం.

"మళ్ళ ఎక్కియ్యి" అంది అమ్మ. గొంతు మారిపోయింది.

మళ్ళీ ఎక్కించాను. నిమ్మకాయ టైరులోకి దిగబడి, బండి దాటాక హాయిగా బయటికొచ్చింది. మూడోసారి నా అరవై ఎనిమిది కిలోలూ వేసి ఎగిరి కూర్చున్నాను. అది పక్కకు దొర్లి కాలువ దగ్గర ఆగింది. ఎదురు హాస్టల్ బాల్కనీలో జనం పోగయ్యారు. కోచింగ్ కోసం ఏలూరు నుంచి వచ్చిన ఒకడు ఫోన్ పట్టుకుని, "అన్నయ్య గారూ, ఇంకోసారి ఎక్కించండి. నిమ్మకాయ సరిగ్గా పడలేదండి" అన్నాడు.

అమ్మ మెట్టు మీద కూలబడింది. "నిమ్మకాయ పల్గకుంటే బండి గడప దాటొద్దు. దాని మీద పెండ్లిబట్ట అసలే పోవద్దు."

"అమ్మా, గాలి తక్కువుంటది కాబట్టి పల్గలే. గంతే."

"అయితే గాలి కొట్టియ్యి."

ఇక్కడ నేను చేయాల్సిన పని ఒక్కటే. నమస్కారం పెట్టి మూట తీసుకుని మెట్రో ఎక్కడం. టైం పదీ పది. కానీ బాల్కనీ నిండా జనం. అంత సామాను కొన్న మనిషి ఒక నిమ్మకాయకు ఓడిపోయి మెట్రో ఎక్కితే ఏం బాగుంటుంది? బండిని తోసుకుంటూ సందు చివర గౌస్ భాయ్ పంక్చర్ షాపుకు పోయాను.

గౌస్ భాయ్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఏంది భాయ్ ఇది, సైకిలా ట్రాక్టరా?"

"సైకిలే. గాలి కొట్టాలె."

"ఎంత?"

"నిమ్మకాయ పలిగేదాక."

ఆయన చేతిలో పైపు అలాగే ఉండిపోయింది. "ఇంత సర్వీసుల గీ లెక్క ఎవ్వరు చెప్పలే" అని, లారీ టైర్లకు కొట్టే మిషన్ ఆన్ చేశాడు. నా మీటరు పెట్టి చూశాను. ముల్లు చివరిదాకా పోయి, గోడకు ఆనుకుని నిలబడిపోయింది. "భాయ్, ఇగ చాలు" అన్నాను. "నిమ్మకాయ అన్నవు గదా" అని ఇంకాస్త కొట్టాడు. టైర్లు నిగనిగలాడుతున్నాయి. వేలితో కొడితే డప్పులా మోగాయి. అమ్మకు చూపించగానే గాలి తీసేసి మామూలుగా పెట్టుకుందామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఇంటి ముందు ఎక్కించగానే నిమ్మకాయలు రెండూ ఒకేసారి పగిలాయి. బాల్కనీలో చప్పట్లు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. లోపల బాపు ఫోన్‌లో యాదగిరి సార్‌కు చెబుతున్నాడు, "బయల్దేరిండు సార్, పావుగంటల మీ ముందుంటడు." టైం పదీ యాభై. ఆ సంబరంలో, ఆ తొందరలో, గాలి తీయాలన్న మాట నా బుర్రలోంచి పూర్తిగా పోయింది. షాపులోకి ఉరికి, మిషన్ దగ్గర బొట్టు పెట్టి ఉన్న తెల్లమూట తీసుకుని, సంచిలో పెట్టి, క్లిప్పు బిగించి, పెడల్ తొక్కాను.

అబ్బా, ఆ పది నిమిషాలు మాత్రం నేను మహారాజుని. తలకు హెల్మెట్, మోకాళ్ళకు కవచాలు, వెనక ఎలుగుబంటి గంట. షేర్ ఆటోలు, బస్సులు ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడితే నేను పక్క సందుల్లోంచి దూసుకుపోయాను. బస్టాపులో వాళ్ళు తలలు తిప్పి చూశారు. పంజాగుట్ట ఫ్లైఓవర్ పక్కన సిగ్నల్ పడింది. ఎండలో ఆగాను. రోడ్డు పెనంలా కాలుతోంది. నా కింద టైరు ఏదో సన్నగా మూలిగినట్టు అనిపించింది.

తర్వాత చప్పుడు. ఎంత చప్పుడంటే పక్కనున్న ఆటో డ్రైవర్ హ్యాండిల్ వదిలేసి చెవులు మూసుకున్నాడు, బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి, ట్రాఫిక్ పోలీసాయన నోట్లోంచి విజిల్ కింద పడింది. ఏం జరిగిందో నాకు తెలియలేదు. కళ్ళ ముందు అంతా తెల్లగా ఉంది. పోయాననే అనుకున్నాను. తర్వాత తెలిసింది, టైరులో పోయించిన జిగురు మందు మొత్తం నా వీపు మీదుగా లేచి హెల్మెట్ మీద నుంచి మొహం మీదికి కారుతోందని.

ఆటో డ్రైవర్ చెవుల మీది చేతులు తీసి, తాపీగా చూశాడు. "అన్నా, నీ బండి పాలిస్తున్నది. జర గిన్నె పెట్టు."

పోలీసాయన విజిల్ ఏరుకుని వచ్చాడు. "ఏం పేలింది? సిలిండరా?"

"టైర్ సార్."

"గీ తెల్లగ ఏంది?"

"టైర్ల మందు సార్. పంక్చర్ కాకుండ పోస్తరు."

ఆయన టైరు చూశాడు. అది చేంతాడులా చక్రం చుట్టూ వేలాడుతోంది. "మస్తు పనిచేసింది" అన్నాడు.

టైం పదకొండూ ఎనిమిది. బండిని పోలీసు చౌకీ పక్కన పెట్టి, "సార్, పెండ్లికొడుకు బట్టలున్నయి, ఇచ్చి వస్త" అని దండం పెట్టాను. ఆయన ఒప్పుకున్నాడు. సంచి ఊడదీసి భుజానేసుకుని ఎర్రమంజిల్ వైపు పరుగు తీశాను. సంచికి కట్టిన గంట అడుగడుగునా మోగింది. ఆ గంట గురించి నేను చెప్పుకోవాల్సిన నిజం ఒకటుంది, అది బ్రహ్మాండంగా పనిచేసింది. వెనక నుంచి గంట వినపడగానే తిరిగి చూసిన ప్రతి మనిషీ బిత్తరపోయి పక్కకు తప్పుకున్నాడు. దారంతా ఒక్కటే తలపు నాకు. బనీను మీద కూర్చున్న పెళ్ళికొడుకు, నమ్మి బట్ట ఇచ్చిన యాదగిరి సార్, నా మీద వదిలిపెట్టిన బాపు. ఫోన్ చేద్దామని జేబు తడుముకుంటే ఫోన్ లేదు. అది హ్యాండిల్ మీద, క్లిప్పులో, పోలీసాయన దగ్గర భద్రంగా ఉంది.

పదకొండూ ఇరవై ఐదుకు హాల్లో అడుగు పెట్టాను. గంట మోగుతోంది. సన్నాయి ఆగింది. పంతులు మంత్రం మధ్యలో ఆగి, ఎవరు గంట కొట్టారా అని చూశాడు. నా జుట్టులోంచి తెల్లటి చుక్కలు తివాచీ మీద పడుతున్నాయి. పెళ్ళికొడుకు గది ముందు యాదగిరి సార్ నిలబడి ఉన్నాడు. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"సార్, నేను శీనుని. టైలర్ కొడుకుని. టైంకు తెచ్చిన" అని, సంచి విప్పి మూట ఆయన చేతుల్లో పెట్టాను. నా మీద ఇంత మందు కారినా మూట మీద ఒక్క చుక్క పడలేదు. ఆ సంచికి వంక పెట్టడానికి లేదు.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చీటీ చదివాడు. "శీనుగానివి. చలి తొడుగులు."

"ఏంది సార్?"

"గిట్లనే రాసి ఉన్నది." మూట విప్పాడు. లోపల నా మంచు తొడుగులు, రెండూ, పక్కపక్కనే, చక్కగా మడత పెట్టి, ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టి ఉన్నాయి.

చీటీ మీద రాత అమ్మది. పూజ కోసం అమ్మ ఊడదీసిన తొడుగులు. ఊరికే పడి ఉన్నాయని తెల్లగుడ్డలో చుట్టి, చీటీ గుచ్చి, మూటకు కూడా బొట్టు పెట్టి, షేర్వానీ మూట పక్కనే మిషన్ దగ్గర పెట్టేసింది. నేను చీటీ చూడలేదు. పుట్టినప్పటి నుంచీ వింటున్న ఆ ఒక్క నియమాన్ని, బాపు పరువు మొత్తం మూటలో ఉన్న రోజున మరిచిపోయాను. ముప్పై ఏళ్ళ గిరాకీ నా వల్ల పోయింది. యాదగిరి సార్ తొడుగుల వంక, నా వంక చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. జిగురు మందులో అది కూడా కలిసిపోయింది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

అప్పుడు గది తలుపు తెరుచుకుంది. పెళ్ళికొడుకు బయటికొచ్చాడు, షేర్వానీతో. రెండు వేళ్ళ పొట్ట ఎక్కడికి పోయిందో కూడా తెలియకుండా కూర్చుంది ఆ బట్ట ఒంటికి. అతని వెనక, నోట్లో గుండుసూదులు పట్టుకుని, కాలర్ సర్దుతూ మా బాపు.

బాపు నన్ను పై నుంచి కింది దాకా చూశాడు. సూదులు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఏం తాకలేదు గదా?"

"లేదు బాపూ. నువ్వెట్ల వచ్చినవ్?"

"మెట్రోల. రెండు స్టేషన్లు. సీటు సుత దొరికింది." సూదులు జేబుకు గుచ్చుకున్నాడు. "నువ్వు పోయినంక చూస్తే మూట ఆడనే ఉన్నది. నీకు ఏడుసార్లు ఫోన్ చేసిన, నీ గంట చప్పుడుల ఇనపడనట్టున్నది. ఎనిమిదోసారి పోలీసాయన ఎత్తిండు."

"ఏమన్నడు?"

"'మీ పిలగాడు తెల్లరంగు పూసుకొని గంట కొట్టుకుంట ఉరికిండు, మనిషి మంచిగనే ఉంటడా' అని అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"అప్పుడప్పుడు ఉంటడు అన్న."

యాదగిరి సార్ ముందు నవ్వాడు. తర్వాత పెళ్ళికొడుకు నవ్వాడు, పక్కకుట్టు ఎక్కడ పిగులుతుందోనని బాపు అతని నడుము పట్టుకున్నాడు. నేను మాత్రం ఇంకా ఆ దెబ్బలోనే ఉన్నాను. తొడుగులు పట్టుకుని ఎటు పోవాలో తెలియక వంటల వైపు పోయాను. అక్కడ వంటమనిషి బగారన్నం గంజు మూత తీయడానికి మసిగుడ్డ కోసం వెతుక్కుంటున్నాడు. నా చేతుల్లోవి చూశాడు. అడగను కూడా అడగకుండా తీసుకుని తొడుక్కున్నాడు. కాలే మూత అంచులు రెండు చేతులా పట్టి దించాడు.

"శానా మంచిగున్నయి అన్నా. యాడ దొరుకుతయి గివి?" అన్నాడు.

అమ్మ మొదటి రోజే చెప్పింది.

అందుచేత, పంజాగుట్ట సిగ్నల్ సాక్షిగా, బగారన్నం గంజు సాక్షిగా నేను ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నిమ్మకాయ కోసం టైరులో గాలి కొట్టించను. ఇంకే బండి కొన్నా, కత్తితో సగం కోసిన నిమ్మకాయనే దాని కింద పెడతాను. రెండు స్టేషన్ల దూరానికి మోకాళ్ళ కవచాలు తొడగను. చీటీ చదవకుండా మూట కాదు గదా, మూటలా కనిపించే పిల్లిని కూడా ముట్టుకోను. ఈ ప్రమాణం నేను మరిచిపోతానేమోనని భయం కూడా అక్కర్లేదు. వంటమనిషి తిరిగిచ్చిన ఆ తొడుగులు ఈ రోజుకీ బాపు షాపులో, గిరాకీలు తీసుకుపోని బట్టలు పెట్టే పై అరలో, తెల్లమూటలో ఉన్నాయి. బగారా వాసన ఇంకా పోలేదు. చీటీ మీద బాపు చేతిరాతతో ఉంది: "శీనుగానివి. మంచు పడ్డంక ఇయ్యాలె."